రొయ్యకు దగ్గరి చుట్టం ఎవరు: ఇంకో రొయ్యా, ఎండ్రికాయా?

మా అక్క కొడుకు ఇంటర్ బైపీసీ. మొన్న ఆదివారం హనుమకొండలో చేపల మార్కెట్‌కు వెంట తీసుకెళ్లాను. ఒకే చోట మూడు కుప్పలున్నాయి: ఐసులో వచ్చిన వనామి రొయ్యలు, పొడుగు నీలం కాళ్ల నీలకంఠ రొయ్యలు, ఇంకా కదులుతున్న పొలం ఎండ్రికాయలు, అంటే పీతలు. "మామా, వీటిని రెండు గుంపులు చెయ్యమంటే ఎట్ల చేస్తవ్?" అన్నాడు.

రొయ్యలన్నీ ఒక దిక్కు, ఎండ్రికాయలు ఒక దిక్కు అని ఎవరైనా అంటారు. శాస్త్రవేత్తలు కూడా చాలాకాలం అదే అన్నారు. మూడూ క్రస్టేషియా అనే పెంకు జీవుల గుంపులో డెకాపోడా, అంటే పది కాళ్ల క్రమానికి చెందినవే. అక్కడిదాకా పేచీ లేదు. ఆ తర్వాత ఎట్లా విడదీయాలన్నదే ప్రశ్న.

1880లో బోవాస్ అనే జంతుశాస్త్రవేత్త చెప్పిన పద్ధతి ఈత మీద ఆధారపడింది. ఈదేవి నటాన్షియా, పాకేవి రెప్టాన్షియా. చూడగానే తెలిసిపోతుంది, చిన్నపిల్లలకైనా చెప్పొచ్చు. కూర వండుకోవడానికి ఇంతకు మించి అక్కర్లేదు కూడా. కానీ నీళ్లలో ఈదేవాటికి ఒళ్లు ఒకే తీరుగా ఉన్నంత మాత్రాన అవి దగ్గరి చుట్టాలు కావు.

1963లో బర్కెన్‌రోడ్ అనే ఇంకో శాస్త్రవేత్త వేరే చోట చూశాడు: తల్లి గుడ్లను ఏం చేస్తుంది? వనామి, టైగర్ రొయ్యలు గుడ్లను నేరుగా నీళ్లలోకి వదిలేస్తాయి. వాటి మొప్పలు చెట్టుకొమ్మల్లా చీలి ఉంటాయి, అందుకే వాటి ఉపక్రమం డెండ్రోబ్రాంకియేటా. గుడ్లను పొట్టకింద చిన్న కాళ్లకు అంటించుకుని మోసేవన్నీ ప్లియోసయమాటా. ఎండ్రికాయ ఇందులోనే ఉంటుంది. మన నీలకంఠ రొయ్య కూడా ఇందులోదే! అంటే అది వనామి కంటే ఎండ్రికాయకే దగ్గర. ఇది మొదటిసారి చదివిన రోజు నాకు రాత్రంతా అదే ఆలోచన.

పాకాల చెరువు కింద వరి పొలాల్లో వానాకాలం ఆడ ఎండ్రికాయను వెల్లకిలా తిప్పి చూడండి. పొట్టకు అతుక్కుని వెడల్పాటి మూత ఉంటుంది. మగదానికైతే అది సన్నగా ఉంటుంది. ఆ మూతే దాని తోక, లోపలికి మడిచి పెట్టుకుంది. అదను చూసి మెల్లగా ఎత్తితే కింద గుడ్లు గానీ, అచ్చం తల్లిలాగే ఉన్న బుల్లి ఎండ్రికాయలు గానీ కనిపిస్తాయి. మంచినీటి ఎండ్రికాయ గుడ్డులోంచి నేరుగా పిల్లే వస్తుంది, ఈదే లార్వా దశ ఉండదు. నీలకంఠ రొయ్య అట్లా కాదు, దాని లార్వాలకు కాస్త ఉప్పునీళ్లు కావాలి. అందుకే మన చెరువుల్లో అది దానంతటది పెరిగి గుంపు కట్టదు, ఏటా సర్కారు పిల్లల్ని తెచ్చి వదలాలి. తోబుట్టువులిద్దరూ ఒక తీరుగా కాపురం చెయ్యాలని ఏముంది?

ఈ రెండు పద్ధతుల్లో ఏది మేలంటే, నాకు రెండోదే మేలు. మొదటిది బతుకుదెరువును చెబుతుంది, రెండోది పుట్టుకను చెబుతుంది. వర్గీకరణ అన్నప్పుడు మనం అడిగేది పుట్టుకనే. డీఎన్ఏ పరీక్షలు కూడా ఈ విభజన వైపే నిలిచాయి. నటాన్షియా అన్న గుంపును ఇప్పుడు వాడట్లేదు. అదే డీఎన్ఏ ఇంకో మాట కూడా తేల్చింది: ఆరు కాళ్ల పురుగులు, అంటే కీటకాలు, క్రస్టేషియన్ల వంశంలోంచే వచ్చాయి. 1758లో, జీవుల వర్గీకరణకు దారి వేసిన లిన్నేయస్ పీతల్ని కీటకాల తరగతిలో పెట్టిన సంగతి గుర్తొస్తే ముచ్చటేస్తుంది.

రెండో పద్ధతిలో చిక్కు ఒకటే. మార్కెట్లో గుడ్లు కనిపించవు, మొప్పలు చూడాలంటే తల విప్పాలి. దానికి మా వాడికి ఒక గుర్తు చూపించాను. రొయ్య తోక మీది పెంకులు పక్క నుంచి చూడాలి. వనామికి పెంకులు గూన పెంకుల్లా ముందుది వెనకదాన్ని కప్పుతూ వరసగా పోతాయి. నీలకంఠ రొయ్యకు మాత్రం రెండో పెంకు ముందుదాన్నీ, వెనకదాన్నీ రెండింటినీ కప్పుతుంది. అమ్మే ఆమె తల తీసి ఇచ్చినా సరే, పొట్టు తియ్యకముందు ఆ రెండో పెంకు చూస్తే చాలు.