నది పెరిగితే ఇల్లూ లేస్తుంది: ఆరేళ్ళ కాపురం తర్వాత నా సమీక్ష

నది మీద తేలే మా ఇంటికి తొలిసారి వచ్చినవాళ్ళు చెప్పులు విప్పకముందే ఒక మాట అడుగుతారు. "ఊగుతుందా?" అని. ఊగుతుంది. మోటారు పడవ దగ్గరగా పోయినప్పుడు, గాలి గట్టిగా వీచినప్పుడు తెలుస్తుంది, మిగతా వేళల్లో గుర్తే ఉండదు. మొదటి వారం నాకు కాస్త తల తిరిగింది, రెండో వారానికి పోయింది. ఆ తర్వాత విచిత్రం ఏమిటంటే, ఒడ్డెక్కి బ్యాంకులో లైన్లో నిలబడితే అక్కడి నేల ఊగుతున్నట్టు ఉండేది. ఇప్పుడు రెండు చోట్లా మామూలే. ఈ ఇల్లు కొనేముందు నేనూ అదే ప్రశ్న అడిగాను, ఎంత అనవసరమైన ప్రశ్నో తర్వాత తెలిసింది. కొట్టుకుపోకుండా ఇంటిని దేనికి కట్టి ఉంచారు, ఎలా కట్టి ఉంచారు అని అడగాల్సింది. హాలు ఫోటోలు చూసి మురిసిపోయి, ఇంటిని నిలబెట్టే గుంజల వైపు కన్నెత్తి చూడలేదు.

మాది పడవ ఇల్లు కాదు. ఇంజిన్ లేదు, ఎక్కడికీ పోదు. 12 మీటర్ల పొడవు, 6 మీటర్ల వెడల్పు ఉన్న కాంక్రీటు తెప్ప, దాని పొట్టలో థర్మకోల్ దిమ్మలు, పైన తేలికపాటి చెక్క ఇల్లు. రెండు గదులు, వంటగది, నది వైపు వరండా. నాలుగు మూలలా నది అడుగులోకి దిగేసిన ఇనప గుంజలున్నాయి. తెప్పకు బిగించిన ఇనప చట్రాలు ఒక్కో గుంజనూ చుట్టుకుని ఉంటాయి, చట్రం లోపల రోలర్లు. నీళ్ళు పెరిగితే ఇల్లు గుంజల వెంట పైకి పోతుంది, తగ్గితే కిందికి దిగుతుంది. లిఫ్ట్ లాంటిదే, బటన్ మాత్రం నది చేతిలో ఉంటుంది. నెదర్లాండ్స్‌లో మాస్ నది పక్కన మాస్‌బొమ్మెల్ అనే ఊళ్ళో, మామూలు రోజుల్లో నేల మీద కూర్చుని వరదొచ్చినప్పుడు మాత్రమే గుంజల వెంట లేచే ఇళ్ళు కట్టారు. సూత్రం ఇదే. అంతా సవ్యంగా సాగాలంటే రెండు సంగతులు చూసుకోవాలి. గుంజ ఎత్తు పెద్ద వరద కంటే ఎక్కువ ఉండాలి, చట్రం ఎక్కడా పట్టేయకూడదు.

మూడో ఏడు వానాకాలంలో మాకు పట్టేసింది. పై నుంచి నీళ్ళు వదులుతారని సాయంత్రమే తెలుసు. సామాన్లు సర్దుకుని, ఒడ్డు వైపు అదనంగా కట్టిన తాళ్ళు వదులు చేసి పడుకున్నాం. రాత్రి రెండింటికి పడకగది తలుపు దానంతట అదే తెరుచుకుని ధడేల్మని గోడకు కొట్టుకుంది. "ఏమండీ, ఇల్లు ఒక పక్కకి ఒరిగింది" అంది మా ఆవిడ. గాలేమోలే అన్నాను. "గాలైతే దీపం కూడా వంకరగా వేలాడుతుందా?" అంది. లైటు వేసి చూస్తే నిజమే. దీపం తిన్నగానే ఉంది, గదే వంకరగా ఉంది. టార్చి పట్టుకుని బయటికెళ్తే మూడు మూలలు నీళ్ళతో పాటు లేచాయి, ఎగువ వైపు ఎడమ మూల మాత్రం జానెడు కిందనే ఉండిపోయింది. రోలరుకీ గుంజకీ మధ్య చేతి మందం కొమ్మ ఒకటి ఇరుక్కుని, బిరడాలా బిగుసుకుపోయింది. నీళ్ళు ఇంకా పెరుగుతున్నాయి. నడుముకి తాడు కట్టుకుని, గునపంతో ఆ కొమ్మని చితక్కొట్టడానికి ముప్పావు గంట పట్టింది. చివరి ముక్క ఊడగానే ఇల్లంతా ఒక్క కుదుపు కుదిపి పైకి లేచింది, వంటింట్లో గిన్నెలన్నీ నేల మీదికొచ్చాయి. చెయ్యి చట్రానికి ఇంకో బెత్తెడు దగ్గరగా ఉండి ఉంటే ఈ సమీక్ష ఒంటిచేత్తో రాయాల్సి వచ్చేది. పక్క తేలే ఇంటాయన తెల్లారి వచ్చి చూసి, "లైఫ్ జాకెట్ ఏదండీ?" అన్నాడు. గోడకే తగిలించి ఉంది.

అప్పటినుంచి వానలకు నెల ముందే నాలుగు చట్రాలూ శుభ్రం చేసి, రోలర్లు తిప్పి చూసుకుంటాను. ఎగువ వైపు గుంజలకు ముందు ఏటవాలుగా ఒక అడ్డుదుంగ కట్టించాం, కొట్టుకొచ్చే చెత్త పక్కకి జారిపోతుంది. వరదలో నన్ను భయపెట్టేది నీటి ఎత్తు కన్నా ఈ చెత్తే. ప్రవాహం వేగం రెండింతలైతే నీళ్ళు నెట్టే బలం నాలుగింతలవుతుంది. అదే సమయంలో ఎగువ గోడకి కొమ్మలు, గుర్రపుడెక్క, ప్లాస్టిక్ సీసాలు వచ్చి చేరితే, నీళ్ళకు అడ్డు పెరిగి ఆ బలమంతా గుంజల మీద పడుతుంది. అందుకని వరద రోజుల్లో పొడవాటి గెడ పట్టుకుని గంటకోసారి చెత్త నెట్టడమే నా ఉద్యోగం. ఆ రెండు మూడు రోజులు నిద్ర ఉండదు, టెన్షన్ ఉంటుంది. అంత వరదలో కూడా ఇంట్లోకి చుక్క నీరు రాలేదు. గట్టు మీద ఇళ్ళవాళ్ళు సామాన్లు మేడ మీదికి మోసుకుంటుంటే, మా వంటింటి గడప నీటికి ఎప్పుడూ ఉండే ఎత్తులోనే ఉంది.

బరువు సంగతి చెప్పాలి, ఎందుకంటే కొత్తవాళ్ళు దీన్ని అస్సలు పట్టించుకోరు. తేలే వస్తువు తన బరువంత నీటిని పక్కకి నెడుతుందనే ఆర్కిమెడిస్ సూత్రం బళ్ళో మార్కుల కోసం చదివాను, ఇక్కడ రోజూ పనికొస్తోంది. మా తెప్ప వైశాల్యం 72 చదరపు మీటర్లు. అంటే 720 కిలోల బరువు ఎక్కితే ఇల్లు ఒక సెంటీమీటరు దిగుతుంది. పదిమంది చుట్టాలు వస్తే ఆ మాత్రం దిగుతుంది, దానికేం భయం లేదు. ఒరగడమే అసలు తలనొప్పి. మొదటి ఏడాది మా పడకగది తలుపు పొద్దున పూట నిలబడేది, సాయంత్రానికి దానంతట అదే మూసుకునేది. బందులు బాగాలేవనుకుని వడ్రంగిని పిలిచాను. అతను రసమట్టం పెట్టి చూసి, "తలుపు బాగానే ఉందండీ, మీ ఇల్లే తిన్నగా లేదు" అన్నాడు. తీరా చూస్తే కారణం 500 లీటర్ల నీళ్ళ ట్యాంకు. దాన్ని ఇంటికి ఒక అంచున పెట్టారు. పొద్దున నిండుగా ఉంటుంది, సాయంత్రానికి ఖాళీ అవుతుంది, అర టన్ను బరువు రోజూ వచ్చిపోతుంటే ఆ అంచు కొన్ని సెంటీమీటర్లు లేస్తూ దిగుతూ ఉంటుంది. ట్యాంకుని నడిమధ్యకి మార్చాక తలుపు బుద్ధిగా ఉంది. ఇప్పుడు పుస్తకాల బీరువా జరిపినా దానికి ఎదురుగా ఇంకేదో పెట్టాలా అని ఆలోచిస్తాను. మా ఆవిడ బీరువా జరపమన్నప్పుడల్లా బద్ధకానికి నేను చెప్పే సాకు కూడా ఇదే.

ఎండాకాలం బయటివాళ్ళు అనుకున్నంత చల్లగా ఉండదు. అడుగు నీళ్ళలో ఉంటుంది కాబట్టి నేల చల్లగానే ఉంటుంది, చెప్పుల్లేకుండా నడిస్తే హాయి. కానీ నీళ్ళ మీంచి ఎగిరొచ్చే వెలుగు మధ్యాహ్నం కళ్ళలో గుచ్చుకుంటుంది, పైకప్పు వేడెక్కితే ఇల్లు వేడెక్కుతుంది. వరండాకి కిందనుంచి పైకి లేపే తెరలు కట్టించాక నయమైంది. ఆ కాలంలో అసలు కష్టం నీళ్ళు తగ్గడం. మా తెప్ప సగం మీటరు పైనే నీళ్ళలో మునిగి ఉంటుంది. ఇల్లు అడ్డుగా ఉండటంతో ప్రవాహం నెమ్మదిస్తుంది, తెచ్చిన ఒండ్రును అక్కడే వదిలేస్తుంది. రెండో ఏడు వేసవిలో వెనక మూల ఆ పూడిక మీద కూర్చుంది. ఒక మూల బురదలో, మూడు మూలలు నీళ్ళలో. మళ్ళీ నీళ్ళొచ్చినా బురద వెంటనే వదల్లేదు, పీల్చి పట్టుకుంది. ఇప్పుడు ఏటా వేసవి మొదట్లో గెడతో నాలుగు మూలలా లోతు కొలిచి గోడ మీద రాసుకుంటున్నాను. కొనాలనుకునేవాళ్ళు నది అడుగంటిన నెలలో వచ్చి చూడండి. నిండుగా ఉన్నప్పుడు ఏ ఇల్లైనా బాగుంటుంది.

ఆ నెలలోనే ర్యాంపు సంగతి కూడా తేలుతుంది. ఒడ్డు నుంచి ఇంటికి వేసిన ఇనప వంతెన అది. నది నిండుగా ఉంటే బల్లపరుపుగా ఉంటుంది, అడుగంటితే మేడ మెట్లంత నిటారుగా అవుతుంది. గ్యాస్ సిలిండర్ దించేటప్పుడు, ముసలివాళ్ళని నడిపించేటప్పుడు దాని విలువ తెలుస్తుంది. మా మొదటి ర్యాంపు 6 మీటర్లది, మా అత్తగారు ఒకసారి దిగి "ఇంక నేను రానమ్మా, మీరే పైకి రండి" అనేశారు. 10 మీటర్లది వేయించి, అడుగు జారకుండా అడ్డపట్టీలు కొట్టించాక ఆవిడ మళ్ళీ వస్తున్నారు. డబ్బు తక్కువైతే హాలు చిన్నది చేసుకోండి, ర్యాంపు మాత్రం చిన్నది చేయొద్దు.

చలికాలం చూడ్డానికి అన్నిటికన్నా అందమైన కాలం. తెల్లారుజామున నది మీంచి పొగలా మంచు లేస్తుంది, ర్యాంపు సగం దాకా కనపడి ఆ తర్వాత ఏమీ ఉండదు. దూరంగా అవతలి ఒడ్డున ఎవరో దగ్గినా మన వరండాలో దగ్గినట్టు వినిపిస్తుంది. నీటికి ఆనుకున్న గాలి చల్లగా, పై గాలి వెచ్చగా ఉన్నప్పుడు శబ్దం పైకి పోకుండా కిందికి వంగుతుంది. మన మాటలూ అవతలికి అంతే స్పష్టంగా పోతాయని గుర్తుంచుకుని పోట్లాడుకోవాలి. లోపల మాత్రం ఇదే చెమ్మకాలం. కిటికీ అద్దాల మీంచి నీళ్ళు కారతాయి, గోడకు ఆనించిన బీరువా వెనక బూజు పడుతుంది. మొదటి చలికాలంలో నా పెళ్ళి సూటు పోయింది. బీరువాలన్నీ గోడకి నాలుగు వేళ్ళ దూరంలో పెట్టి, స్నానాలగదిలో ఫ్యాను బిగించి, చెమ్మ లాగే మిషన్ కొన్నాక అదుపులోకి వచ్చింది. ఆ మిషన్ తొట్టిలోంచి రోజూ రెండు లీటర్ల నీళ్ళు పారబోస్తుంటే ఇవన్నీ మనం పీల్చిన గాలిలోవేనా అనిపిస్తుంది. చలికి తలుపులన్నీ బిగించుకుని గ్యాస్ హీటరు వెలిగించే అలవాటుంటే మానండి. కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు. అలారం ఒకటి పడకగదిలో తప్పనిసరి.

కరెంటు విషయంలో ఒక్క హెచ్చరిక. ఒడ్డు నుంచి వచ్చే తీగ ఎక్కడైనా దెబ్బతిని నీళ్ళలోకి కరెంటు లీకైతే, మంచినీటి నదిలో అది సముద్రంలో కన్నా ప్రమాదం. ఉప్పునీరు మన ఒంటి కన్నా బాగా కరెంటుని మోసుకుపోతుంది, మంచినీరు అలా కాదు, ఒళ్ళే దానికి దారవుతుంది. కండరాలు పట్టేసి ఈతగాడైనా మునిగిపోతాడు. అందుకే మా ఇంటి చుట్టూ పిల్లల్ని ఈదనివ్వం, కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే ఆర్‌సీసీబీ బటన్ నెలకోసారి నొక్కి చూస్తాను. ఇనప తెప్ప ఉన్న ఇల్లైతే ఇంకో ఖర్చుంది. తుప్పు తెప్పను తినకుండా, దాని బదులు తామే కరిగిపోయే లోహపు దిమ్మలు తగిలించాలి. మంచినీళ్ళలో మెగ్నీషియంవి, సముద్రంలో జింకువి. కొన్నేళ్ళకోసారి మొత్తం నీళ్ళలోంచి బయటికి లాగి రేకు మందం కొలిపించాలి. కాంక్రీటుతో ఆ గొడవ లేదు, నేను మళ్ళీ కొన్నా అదే కొంటాను.

మురుగు గురించి ఎవరూ మాట్లాడరు. నదిలోకి వదలకూడదు కాబట్టి ట్యాంకులో పట్టి, పంపుతో ఒడ్డు మీది లైనులోకి నెట్టాలి. ఇల్లు లేస్తూ దిగుతూ ఉంటుంది కనుక మధ్యలో మెత్తటి గొట్టం ఉంటుంది, ఆ గొట్టం జాయింటు ఎప్పుడో ఒకప్పుడు ఊడుతుంది. మాది చుట్టాలున్న రోజునే ఊడింది. వివరాలు వద్దు. స్పేర్ క్లిప్పులు ఇంట్లో పెట్టుకోండి.

దోమలు అనుకున్నంత లేవు, పారే నీళ్ళు వాటికి పనికిరావు. ఇంటికీ గట్టుకీ మధ్య నీళ్ళు కదలకుండా గుర్రపుడెక్క చేరితే మాత్రం వస్తాయి, తీసేస్తూ ఉండాలి. కుట్టని చిన్న రెక్కల పురుగులు మాత్రం కొన్ని రాత్రులు లైటు చుట్టూ దుమ్ములా వాలతాయి. వాటి కోసం సాలీళ్ళు వస్తాయి. పొద్దున వరండా కటకటాలు తుడవకపోతే మొహానికి గూడు చుట్టుకుంటుంది.

ఇక నీళ్ళలో పడేసుకున్న వస్తువులు: రెండు ఫోన్లు, ఒక కళ్ళజోడు, లెక్కలేనన్ని స్పానర్లు, ఇంటి తాళాలు నాలుగుసార్లు. ఇనపవైతే తాడుకి కట్టిన అయస్కాంతంతో పైకొస్తాయి. తాళాలకి ఇప్పుడు పెద్ద బెండు ముక్క కట్టాం, జేబులో ఎత్తుగా కనిపిస్తుంది, ఫరవాలేదు.

ఇన్ని చెప్పాక "మరి ఇంకా ఎందుకున్నారు?" అంటారు. మధ్యాహ్నం మూడింటికి నీటి వెలుగు హాలు పైకప్పు మీద వలలా కదులుతుంది, దాని కింద పడుకుని ఎన్ని సెలవురోజులు గడిచిపోయాయో. రాత్రి అంతా సద్దుమణిగాక తెప్పకి పట్టిన నాచును చేపలు కొరికే చప్పుడు, తలగడకి చెవి ఆనిస్తే, టిక్కు టిక్కుమని వినిపిస్తుంది. మా అబ్బాయి చిన్నప్పుడు ఆ చప్పుడు వినకపోతే నిద్రపోయేవాడు కాదు. అమ్మేద్దామా అని మేమిద్దరం గట్టిగా అనుకున్నది రెండుసార్లే, రెండూ వరద వారాల్లోనే.

ఈ ఏడాది ఎగువ మూల రోలర్లు అరిగిపోయాయి. వానలకి ఇంకా ఆరు వారాలుంది, కొత్తవి వచ్చి వరండాలో ఉన్నాయి. ఆదివారం పక్కింటాయన సాయం వస్తానన్నాడు, లైఫ్ జాకెట్ వేసుకుంటేనే అని షరతు పెట్టి.