క్షురకులకు ఆరోగ్య భద్రతా శిక్షణ: హనుమకొండలో రెండు రోజుల తరగతి ఎలా ఉంది

హనుమకొండలో మూడు కుర్చీల సెలూన్ నడుపుతున్న నేను, నా దగ్గర పనిచేసే ఇద్దరు కుర్రవాళ్లను వెంటబెట్టుకుని, ఒక ప్రైవేటు సంస్థ క్షురకుల కోసం నగరంలో పెట్టిన రెండు రోజుల ఆరోగ్య భద్రతా శిక్షణకు ఈ మధ్య వెళ్లి వచ్చాను. మనిషికి 800 రూపాయల రుసుము, మధ్యాహ్న భోజనం వాళ్లదే. తరగతులు సోమ, మంగళవారాల్లో పెట్టడం తెలివైన పని. మంగళవారం ఎలాగూ దుకాణాలు మూసే ఉంటాయి కనుక మాకు పోయింది ఒక్క సోమవారం సంపాదనే. వెళ్లాలా వద్దా అని ఆలోచిస్తున్న తోటి వృత్తిదారుల కోసం, అక్కడ దక్కిందేమిటో, దక్కనిదేమిటో రాస్తున్నాను.

మొదటి రోజు ఉదయం పాఠం చెప్పినావిడ చాలా ఏళ్లు ఆసుపత్రిలో నర్సుగా పనిచేసిన మనిషి. ఎవరి సామాను వాళ్లు తెచ్చుకోవాలని ముందే చెప్పారు. ఆవిడ మాలో ఒకరి ట్రిమ్మర్ తీసుకుని, దాని పళ్లు విప్పి తెల్ల కాగితం మీద తట్టారు. నూనెతో ముద్దకట్టిన వెంట్రుకలు, పొడి, చర్మపు పొట్టు రాలాయి. ఆ ట్రిమ్మర్ యజమాని దాన్ని రోజూ యాంటీసెప్టిక్ తడిపిన గుడ్డతో తుడిచేవాడే. మురికి పొర ఉన్నంతసేపు ఏ మందూ క్రిమిని తాకదని, కాబట్టి ముందు సబ్బునీళ్లతో, బ్రష్షుతో కడిగి ఆరబెట్టి, ఆ తరువాతే మందు వాడాలని ఆవిడ చెప్పినప్పుడు, ఇరవై ఏళ్లుగా నేను చేస్తున్నది సగం పనేనని అర్థమైంది. సీసాలో దొరికే 5 శాతం హైపోక్లోరైట్ (బ్లీచు) ద్రావణం ఒక వంతుకు నీళ్లు తొమ్మిది వంతులు కలిపితే 0.5 శాతం వస్తుంది. నేల మీదో బల్ల మీదో రక్తం పడినప్పుడు దాన్ని తుడిచి, ఈ నీళ్లు పోసి 10 నిమిషాలు ఉంచాలి. ఈ నీళ్లను ఏ రోజుకారోజు కలుపుకోవాలి. అయితే ఇది ఇనుమును తినేస్తుంది కనుక కత్తెరలకు, కత్తి పిడులకు 70 శాతం స్పిరిట్ మేలు. నీళ్లు కలవని స్పిరిట్ ఇంకా బలంగా పనిచేయదా అని మా కుర్రవాడు అడిగాడు. నీరు ఉంటేనే క్రిమిలోని మాంసకృత్తులు బాగా విరుగుతాయని, శుద్ధ స్పిరిట్ ఆ పని చేయకముందే ఆరిపోతుందని వచ్చిన జవాబు వాడికి ఇప్పటికీ గుర్తుంది. సామానులోని క్రిములను చంపుతుందని వేలు పోసి కొనే నీలి దీపం (యూవీ) పెట్టె గురించి కూడా ఆవిడ మొహమాటపడలేదు. వెలుగు పడిన వైపు తప్ప నీడలో ఉన్న వైపు దానివల్ల శుభ్రపడదని, దాన్ని శుభ్రం చేసిన సామాను దాచుకునే పెట్టెగా మాత్రమే చూడాలని చెప్పారు.

ఈ శిక్షణలో నాకు అన్నిటికంటే విలువైనది, రక్తం ద్వారా సోకి కాలేయాన్ని దెబ్బతీసే హెపటైటిస్ బి గురించిన గంట పాఠం. ఎయిడ్స్ ప్రచారం పుణ్యమా అని కొత్త బ్లేడు వేయమని అడగడం మన గిరాకీలకు ఎప్పుడో అలవాటైంది. మేమూ వాళ్ల కళ్లముందే కాగితం విప్పి బ్లేడు విరిచి పెడతాము. కానీ హెచ్‌ఐవీ శరీరం బయట ఎక్కువసేపు బతకలేదు, హెపటైటిస్ బి వైరస్ మాత్రం ఎండిన పిడి మీద, బల్ల మీద, కంటికి రక్తపు చుక్క కనబడకపోయినా కనీసం 7 రోజులు బతుకుతుంది. అంటే బ్లేడు మార్చి, పాత బ్లేడు పట్టిన పిడినే తుడవకుండా తరువాతి మనిషి గడ్డానికి పెడితే మార్చినదాని ఫలితం చాలావరకు పోతుంది. ఇక పటిక సంగతి చెప్పడానికి నాకే సిగ్గుగా ఉంది. గీరుకున్న చోట రుద్దే ఆ ఒక్క ముక్క, ఉదయం నుంచి రాత్రి దాకా ఎన్ని ముఖాలు తిరుగుతుందో లెక్కపెట్టినవాడు మాలో లేడు. ఇప్పుడు పటిక పొడి చేసి, దూది మీద చల్లి, వాడిన దూదిని అప్పుడే పారేస్తున్నాము. ఈ జబ్బుకు టీకా ఉంది, 0, 1, 6 నెలల లెక్కన మూడు డోసులు. గదిలో ఉన్న సుమారు ముప్పై మందిలో టీకా వేయించుకున్నవాళ్లు చేతులెత్తమంటే రెండు చేతులు లేచాయి. మా ముగ్గురివీ లేవలేదు.

తెగిన వేలిని నోట్లో పెట్టుకునే మన అలవాటును కూడా ఆవిడ గట్టిగా తిట్టారు. గిరాకీ రక్తం మన గాయానికి తగిలితే పిండకుండా, చప్పరించకుండా సబ్బుతో ధారగా పడే నీళ్లలో కడుక్కుని, ఆలస్యం చేయకుండా ఎంజీఎం వంటి పెద్దాసుపత్రికి వెళ్లాలి. హెచ్‌ఐవీ సోకకుండా ఇచ్చే మందులు 72 గంటలు దాటితే పనికిరావు, ఎంత త్వరగా మొదలుపెడితే అంత మంచిది. వాడిన బ్లేడు ముక్కలను చెత్తబుట్టలో వేయకుండా, మూతకు చీలిక పెట్టిన పాలపొడి డబ్బాలో వేయమన్నారు. కార్పొరేషన్ చెత్త ఆటోలో చేతులతో చెత్త వేరుచేసే మనిషి గురించి అంతకుముందు నేనెన్నడూ ఆలోచించలేదు.

మధ్యాహ్నం మెడ విరవడం మీద జరిగిన చర్చ వేడెక్కింది. మాలిష్ చివర మెడను రెండు వైపులా మెటిక విరవకపోతే పని పూర్తయినట్టు ఒప్పుకోని గిరాకీలు మనకు చాలామంది ఉన్నారు. మెడ ఎముకల గుండా మెదడుకు వెళ్లే రక్తనాళం ఆ కుదుపుకు లోపల చీలితే పక్షవాతం రావచ్చునని బొమ్మ గీసి చూపించారు. తల కడిగే బేసిన్ మీద మెడను వెనక్కి ఎక్కువసేపు వాల్చినా ఇదే ప్రమాదం ఉందట. బ్యూటీ పార్లర్‌లో వచ్చిన పక్షవాతం గురించి అమెరికా వైద్య పత్రికలో 1993లోనే రాశారు, 2022లో హైదరాబాద్‌లో ఒక మహిళకు ఇలాగే జరిగిందని పేపర్లలో మనమూ చదివాము. ఇది అరుదైన ప్రమాదమేనని ఆవిడే ఒప్పుకున్నారు. అయినా ఇరవై రూపాయల మాలిష్ కోసం ఒకరి మెడతో జూదమాడడం నాకు నచ్చలేదు కాబట్టి మా దుకాణంలో మానేశాము. మానేసినందుకు ఒక పెద్దాయన మూడు వారాలుగా నాతో సరిగా మాట్లాడడం లేదు.

రెండో రోజు నాకు అంత నచ్చలేదు. పాఠం చెప్పిన యువకుడు తెర మీది ఇంగ్లీషు వాక్యాలను చదువుకుంటూ పోయాడు. జుట్టుకు వేసే నల్ల రంగులోని పీపీడీ అనే రసాయనం కొందరికి పడదని, చెవి వెనుక కొంచెం రాసి 48 గంటలు చూడాలని చెప్పాడు, సరే. పెళ్లికి ముందురోజు సాయంత్రం పరుగెత్తుకొచ్చే మనిషికి ఈ పరీక్ష ఎప్పుడు చేయాలో మాత్రం చెప్పలేదు. జుట్టును నిటారుగా చేసే కొన్ని మందుల నుంచి వెలువడే ఫార్మాల్డిహైడ్ క్యాన్సర్ కారకమన్న సంగతిని ఒక్క వాక్యంలో దాటేశాడు, ఆ పని రోజూ చేసేవాళ్లు గదిలో నలుగురైనా ఉన్నారు. కత్తిరించిన వెంట్రుక ముక్కలు వేళ్ల సందుల్లో గుచ్చుకుని లోపలే చీము పట్టడం మన వృత్తికి ప్రత్యేకమైన జబ్బు. దానికి అరగంట కేటాయించి ఉండవలసింది. విద్యుత్తు భాగం బాగుంది. 2021 ఏప్రిల్ నుంచి సెలూన్లకు నెలకు 250 యూనిట్లు ఉచితంగా అందుతున్నా, లోపలి వైరింగు పాతదైతే తడిచేత్తో హెయిర్ డ్రయ్యర్ పట్టుకున్నవాడికి ప్రమాదమే. 30 మిల్లీయాంపియర్ల లీకేజీకే కరెంటు ఆపే బ్రేకర్ పెట్టించమని చెప్పాడు, పెట్టించాను.

అసలు లోటు వేరే ఉంది. ఈ శిక్షణ మొత్తం కొళాయి, బేసిన్, ఏసీ ఉన్న దుకాణాన్ని ఊహించుకుని తయారైంది. ములుగు వైపు నుంచి వచ్చిన నలుగురు, మేడారం జాతరలో చెట్టు కింద కూర్చుని ఒక బకెట్ నీళ్లతో వరుసగా తలనీలాలు తీస్తున్నప్పుడు ఇవన్నీ ఎలా పాటించాలని అడిగితే, ధారగా పడే నీళ్లు తప్పనిసరి అన్న ఒక్క మాటతో ఆ యువకుడు ముగించాడు. 2024 ఫిబ్రవరిలో నాలుగు రోజుల జాతరలో పనిచేసి వచ్చిన వాళ్లకు ఆ జవాబు ఎందుకు పనికొస్తుంది? ఐనవోలులోనూ, వేములవాడలోనూ మనవాళ్ల కష్టం ఇదే. భోజనాల దగ్గర నర్సమ్మే వాళ్లను పక్కన కూర్చోబెట్టుకుని దారి చూపించారు. ఒక్కొక్కరు నాలుగైదు పిడులు ఉంచుకుని, ఒకటి వాడుతుండగా మిగిలినవి సబ్బునీళ్ల డబ్బాలో కడిగి, తుడిచి, స్పిరిట్ డబ్బాలో నానబెట్టాలని, తలలు తడపడానికి వాడే నీళ్లలో పిడిని ఎప్పుడూ ముంచవద్దని చెప్పారు. ఆ పది నిమిషాల మాట పుస్తకంలో ఎక్కడా లేదు. ఆ పుస్తకం కూడా ఇంగ్లీషులోనే ఉంది. పదో తరగతి దాటని మా చిన్న కుర్రవాడు దాన్ని బొమ్మలు చూసి పక్కన పెట్టేశాడు.

చివర ఇచ్చిన ధ్రువపత్రాన్ని గోడకు తగిలించాను, దాన్ని చదివి కుర్చీ ఎక్కినవాళ్లు ఇంతవరకు లేరు. పట్నంలో దుకాణం ఉన్నవాళ్లు మొదటి రోజు కోసమైనా 800 పెట్టి వెళ్లవచ్చు. జాతరల్లో పనిచేసేవాళ్లు మాత్రం, పుస్తకం తెలుగులో ఇస్తారా, జాతర పని గురించి చెబుతారా అని ఫోనులో ముందే అడిగి డబ్బు కట్టండి. మాకు ముగ్గురికీ టీకా తొలి డోసు పడింది, రెండోది వచ్చే నెల మంగళవారం చూసుకుని వేయించుకోవాలి.