గ్యాలరీలోంచి బేస్‌బాల్ ఫొటోలు: సోనీ ఆర్ఎక్స్10 మార్క్ 4తో కొన్ని సీజన్లు

బేస్‌బాల్ ఆటకి టికెట్ కొనుక్కుని గ్యాలరీలో కూర్చునేవాళ్లకి సోనీ ఆర్ఎక్స్10 మార్క్ 4ను మించిన కెమెరా నాకింతవరకూ కనపడలేదు. శాన్ ఫ్రాన్సిస్కోలో అక్కడి జట్టు జెయింట్స్ ఆటలకి కొన్ని సీజన్లుగా దీన్నే మెడలో వేసుకుని వెళ్తున్నాను. రాత్రి ఆటల విషయంలో మాత్రం ఈ మాట కాస్త తగ్గించి చెప్పాలి. ఆ సంగతికి తర్వాత వస్తాను.

ముందు గేటు సంగతి. హైదరాబాద్ ఉప్పల్ స్టేడియానికి ఐపీఎల్ చూడ్డానికి వెళ్తే కెమెరాని లోపలికి రానివ్వరు. అమెరికాలో మేజర్ లీగ్ (బేస్‌బాల్ అగ్రశ్రేణి పోటీ) మైదానాలు ఆ విషయంలో ఎంతో నయం. సొంతానికి ఎన్ని ఫొటోలైనా తీసుకోవచ్చు, వాటితో వ్యాపారం చేయకూడదంతే. కాకపోతే ట్రైపాడ్లు, మోనోపాడ్లు చాలాచోట్ల కుదరవు. లెన్స్ ఇన్ని అంగుళాలు దాటకూడదన్న లెక్క ఒక్కో మైదానంలో ఒక్కోలా ఉంటుంది కాబట్టి బయల్దేరేముందే చదువుకోవాలి. ఈ కెమెరాకి లెన్స్ ఊడదు. జూమ్ మూసి ఉన్నప్పుడు ముందు నుంచి వెనక దాకా ఆరు అంగుళాలు కూడా ఉండదు, బరువు కిలోకి ఓ వంద గ్రాములు ఎక్కువ. మైదానమంతా పట్టే 24 నుంచి దూరంగా ఉన్నవాళ్లని దగ్గరికి లాగే 600 మిల్లీమీటర్ల దాకా ఆ ఒక్క లెన్సే చూసుకుంటుంది. 600 అందుకునే ఫుల్‌ఫ్రేమ్ (పెద్ద సెన్సర్ ఉన్న కెమెరాల) లెన్స్ ఏదీ ఇంత పొట్టిగా ఉండదు, ఉన్నా ఇరుకు సీట్లలో ముందువాళ్ల తలకి తగలకుండా మూడు గంటలు పట్టుకోవడం కష్టం.

600 దగ్గర ఎంత అందుతుందో చెప్తాను. అరవై మీటర్ల దూరంలో నిలబడ్డ పిచర్ (బ్యాటర్‌కి బంతి విసిరేవాడు), అడ్డంగా పట్టిన ఫ్రేములో తల నుంచి బూటు దాకా నిండుగా పడతాడు. బేసులంటే రన్నర్ ఒకదాన్నుంచి ఒకదానికి పరిగెత్తే మజిలీలు. జెయింట్స్ మైదానం ఒరాకిల్ పార్కులో మూడో బేస్ వైపు కింది సీట్లలోంచి మౌండ్ (పిచర్ నిలబడే దిబ్బ), హోమ్ ప్లేట్ (బ్యాటర్ ఆడే చోటు), రెండో బేస్ మూడూ బాగా అందుతాయి. అవుట్‌ఫీల్డ్ మాత్రం చిన్నదైపోతుంది. ఓక్లాండ్ కొలిజియంలో ఫౌల్ గీత (ఆట హద్దు) అవతలి ఖాళీ స్థలం లీగ్ మొత్తంలోకీ ఎక్కువగా ఉండేది, సీట్లు దూరం, అందుకే అక్కడ 600 కూడా అంతంతమాత్రంగానే ఉండేది. 2024 సీజన్‌తో అథ్లెటిక్స్ జట్టు అక్కణ్నుంచి వెళ్లిపోయింది. ఆ పాత కాంక్రీటు మైదానంలో తీసిన ఫొటోలంటే నాకిప్పుడు ప్రాణం.

ఏ కెమెరా అన్నదానికంటే ఏ వైపు సీటు అన్నది ముఖ్యం. కుడిచేతి పిచర్ బంతి వేసేముందు మూడో బేస్ వైపు తిరిగి నిలబడతాడు, అంటే అతని ఛాతీ, ముఖం అటు కూర్చున్నవాళ్లకే కనిపిస్తాయి. బ్యాటర్ల విషయం తిరగబడుతుంది: కుడిచేతివాళ్ల ముఖం మొదటి బేస్ వైపుకి, ఎడమచేతివాళ్ల ముఖం మూడో బేస్ వైపుకి. నేను మూడో బేస్ వైపే టికెట్ కొంటాను. కుడిచేతి పిచర్ లోగన్ వెబ్, ఎడమచేతి బ్యాటర్ జంగ్ హూ లీ ఇద్దరూ ఎదురుగా దొరుకుతారు. వెబ్ చేయి బాగా పక్కకి వాలి వస్తుంది. ముందుకాలు నేలకి ఆనిన క్షణంలో ఆ చేయి వెనక్కి విరిగినట్టు కనిపించే ఫ్రేము ఒకటుంటుంది, దానికోసం ఎన్ని ఇన్నింగ్స్ అయినా కూర్చుంటాను. లీ పరిగెత్తుతుంటే హెల్మెట్ ఎగిరిపోవడం జెయింట్స్ అభిమానులందరికీ తెలుసు, అదీ ఈ వైపునుంచే అందంగా వస్తుంది. మాట్ చాప్‌మన్ ఆడుతున్నప్పుడు మాత్రం నాకు వీపే మిగులుతుంది.

అందరూ అడిగేది బ్యాట్‌కి బంతి తగిలే ఫొటో గురించి. ఈ కెమెరా సెకనుకి 24 ఫ్రేములు తీస్తుంది, ఫోకస్ కూడా ఆటగాడిని వెంటాడుతూనే ఉంటుంది. అయినా లెక్క వేసి చూడండి. గంటకి 95 మైళ్ల బంతి ఒక ఫ్రేముకీ తర్వాతి ఫ్రేముకీ మధ్య దాదాపు ఆరు అడుగులు దాటిపోతుంది. బ్యాట్, బంతి కలిసి ఉండేది సెకనులో వెయ్యో వంతు. కాబట్టి బటన్ నొక్కి పట్టుకుంటే ఆ క్షణం దొరుకుతుందన్న భరోసా లేదు, ఏ కెమెరాతోనైనా అంతే. బ్యాటర్ ముందుకాలు కదిలినప్పుడు మొదలుపెట్టి, బంతిని వెంటాడకుండా అతని ముఖం మీదే ఉండిపోతే అసలైన ఫొటో ఆ తర్వాతే వస్తుంది. కొట్టిన బంతి ఎక్కడికి పోతోందో అతని కళ్లలోనే తెలిసిపోతుంది. షట్టర్ వేగం 1/2000 సెకను చాలు, మెకానికల్ షట్టర్‌కి అదే హద్దు. ఎలక్ట్రానిక్ షట్టర్ దృశ్యాన్ని వరసవరసగా చదువుతుంది, ఊగే బ్యాట్ లాంటివి వంగినట్టు పడే అవకాశం దానితోనే ఉంటుంది. అందుకని ఆటకి మెకానికలే వాడతాను.

2023లో పిచ్ క్లాక్ (పిచర్ ఇంత సమయంలోపే బంతి వేయాలని లెక్కపెట్టే గడియారం) వచ్చాక ఫొటోలు తీసే పద్ధతే మారిపోయింది. బేసులు ఖాళీగా ఉంటే పిచర్‌కి 15 సెకన్లు. రన్నర్ ఉంటే మొదటి ఏడాది 20, 2024 నుంచి 18. ఇదివరకు పిచర్ అటూ ఇటూ నడుస్తుంటే వెనక తెర మీద ఫొటోలు చూసుకునేంత తీరిక ఉండేది, ఇప్పుడు లేదు. బర్స్ట్ (బటన్ నొక్కి పట్టుకుని వరసగా తీసే ఫొటోలు) తీశాక కార్డులోకి రాసుకోవడానికి కెమెరాకీ కొంత సమయం కావాలి కాబట్టి చిన్న చిన్న బర్స్టులే మేలు. అదే ఏడాది బేసుల వెడల్పు 15 అంగుళాల నుంచి 18కి పెంచారు, పిచర్ మౌండ్ దిగడాన్నీ, రన్నర్ వైపు బంతి విసరడాన్నీ ఒక బ్యాటర్‌కి రెండుసార్లకి పరిమితం చేశారు. 2022లో 2,486 ఉన్న స్టీళ్లు (పిచర్ బంతి వేస్తుండగా రన్నర్ తర్వాతి బేస్‌కి చేరుకోవడం) 2023లో 3,503 అయ్యాయి. గ్యాలరీలో కెమెరా పట్టుకున్నవాళ్లకి ఇది పండగే. పిచర్ రెండు అవకాశాలూ వాడేశాడంటే వెంటనే రెండో బేస్ మీద ఫోకస్ పెట్టి కూర్చోవచ్చు. మూడోసారి విసిరి రన్నర్‌ని అవుట్ చేయలేకపోతే అతనికి ఊరికే ఒక బేస్ ఇచ్చుకోవాలి. మట్టి లేపుకుంటూ జారి వచ్చే రన్నర్, పైనుంచి చేయి దించే షార్ట్‌స్టాప్ (రెండో, మూడో బేసుల మధ్య కాపు కాసే ఫీల్డర్) ఒకే ఫ్రేములో పడతారు.

వలతో సర్దుకుపోవాలి. 2018 సీజన్ మొదలయ్యేసరికి 30 మైదానాల్లోనూ రక్షణ వలని డగౌట్ల చివరిదాకా పొడిగించారు. మనుషుల ప్రాణాలకి సంబంధించిన విషయం, ఉండాల్సిందే. మంచి సీట్లన్నీ దాని వెనకే. వలకి దగ్గరగా కూర్చుంటే 600లో అది కరిగిపోతుంది. లెన్స్ పక్కన ఫోకస్ దూరాన్ని కట్టడి చేసే మీట ఉంది, దాన్ని మూడు మీటర్ల మీద పెడితే ఫోకస్ వల మీదకి పోదు. వెనక వరసల్లో వల మూడు మీటర్లకంటే దూరంలో ఉంటుంది కాబట్టి ఆ మీట పనికిరాదు, చిన్న ఫోకస్ చుక్కనే నమ్ముకోవాలి. అప్పుడు కూడా ఫొటో మీద పల్చటి బూడిదరంగు పొర కనిపిస్తుంది. కాంట్రాస్ట్ పెంచితే చాలావరకు పోతుంది.

ఇక రాత్రి ఆటలు. సెన్సర్ ఒక అంగుళం రకం, లెన్స్ 100 మిల్లీమీటర్ల దగ్గరే ఎఫ్4కి (వెలుగు తక్కువగా వచ్చే స్థితికి) చేరి చివరిదాకా అక్కడే ఉంటుంది. దీపాల వెలుగులో 1/1000 కావాలంటే ఐఎస్ఓ (వెలుగుకి సెన్సర్ స్పందించే స్థాయి) 3200 నుంచి 6400 దాకా పోవాలి, చొక్కా మీద అక్షరాల అంచులు మెత్తబడిపోతాయి. నేను రాత్రిళ్లు 1/500కి దిగి, కదలిక తక్కువున్న క్షణాలు ఏరుకుంటాను: బ్యాటర్ వెనక కూర్చున్న క్యాచర్, డగౌట్ రెయిలింగ్ మీద వాలిన ఆటగాళ్లు, మౌండ్ మీదకి నడిచే కోచ్. ఊరి పక్కనున్న సముద్రపు పాయ బే మీదనుంచి పొగమంచు దిగి వేళ్లు కొంకర్లు పోతున్నా కెమెరా గురించి బెంగ ఉండదు, తేమనీ దుమ్మునీ తట్టుకునేలా చేసినదే. 24 దగ్గర లెన్స్ ఎఫ్2.4 దాకా తెరుచుకుంటుంది కాబట్టి జెయింట్స్ పాత దిగ్గజం విల్లీ మేస్ నంబర్ గుర్తుగా 24 అడుగులు కట్టిన రైట్‌ఫీల్డ్ గోడ, దాని వెనక నీళ్లు, చివరి ఇన్నింగ్స్‌లో వచ్చి వాలే సీగల్ పక్షులు చీకటి పడ్డాక కూడా బాగా వస్తాయి.

బ్యాటరీ ఒక్కటి చాలదు, రెండు ఉండాలి. ఛార్జింగ్ మైక్రో యూఎస్‌బీ, ఆ కేబుల్ విడిగా మోసుకెళ్లాలి. 2017లో వచ్చినప్పుడు ధర దాదాపు 1,700 డాలర్లు. పాతది కొంటుంటే జూమ్‌ని 24 నుంచి 600 దాకా చాలాసార్లు తిప్పి చూడండి, ఎక్కడా పట్టేయకూడదు. ఆకాశం వైపు తిప్పి ఎఫ్11 దగ్గర ఒక ఫొటో తీసి మచ్చలున్నాయేమో చూసుకోండి, లెన్స్ ఊడని కెమెరాలో లోపల చేరిన దుమ్ముని మనం తుడవలేం.