జెన్‌కి గురువు కావాలా, రోజూ కూర్చోవాలా: ఏళ్ల తరబడి చేశాక నా సమీక్ష

బౌద్ధంలో ధ్యానానికి పెద్దపీట వేసే శాఖ జెన్. అది చెయ్యాలంటే గురువు ఉండి తీరాలా, రోజూ ఒక టైం పెట్టుకుని గోడ వైపు తిరిగి కూర్చోవాలా, లేకపోతే గిన్నెలు తోముతున్నా జెన్నే అనుకుంటే సరిపోతుందా అని చాలామంది అడుగుతుంటారు. నేను మొదట్లో ఒంటరిగా, తర్వాత గురువు దగ్గర, మొత్తమ్మీద చాలా ఏళ్లుగా జాజెన్, అంటే జెన్‌లో కూర్చుని చేసే ధ్యానం, చేస్తున్నాను. నా మాట ముందే చెప్పేస్తాను. కూర్చోవడం తప్పదు. గురువు రోజూ పక్కన ఉండక్కర్లేదు గానీ, అసలు గురువే లేకుండా ఒక దశ దాటి ముందుకెళ్లినవాళ్లని నాతో కూర్చున్నవాళ్లలో నేను చూడలేదు.

కూర్చోనక్కర్లేదనేవాళ్లు ఎక్కువగా చెప్పేది మాజు కథ. ఎనిమిదో శతాబ్దపు చైనాలో మాజు అదే పనిగా ధ్యానంలో కూర్చుంటుంటే, గురువు హువైరాంగ్ వచ్చి ఒక పెంకు తీసుకుని రాతి మీద అరగదీయడం మొదలుపెట్టాడు. ఏం చేస్తున్నారని అడిగితే అద్దం చేస్తున్నానన్నాడు. పెంకుని అరగదీస్తే అద్దమవుతుందా అంటే, మరి కూర్చుంటే బుద్ధుడివైపోతావా అన్నాడు. కథ బాగుంది, కానీ ఆ మాట అన్నది గురువు, విన్నది అప్పటికే గట్టిగా కూర్చుంటున్న శిష్యుడు. ఈ రెండూ తీసేశాక అందులో మనకి మిగిలేది ఏమీ లేదు. జపాన్‌లో బాంకెయ్ (1622–1693) అనే జెన్ గురువు కూడా జనాన్ని కఠోర సాధన చెయ్యమనలేదు, నిజమే. కానీ ఆయన అంతకుముందు ఒంటి మీద పుళ్లు పడేదాకా కూర్చుని చావు అంచుదాకా వెళ్లొచ్చినవాడు, ఆ తర్వాత కూడా తనకి తెలిసింది సరైనదేనా అని నాగసాకిలో ఉన్న చైనా గురువుని వెతుక్కుంటూ వెళ్లినవాడు.

జపాన్ జెన్ గురువు డోగెన్ 1227లో చైనా నుంచి తిరిగొచ్చాక కూర్చోవడం గురించి రాసిన సూచనలు చూడండి, చెవులు భుజాల వరసలో, ముక్కు బొడ్డు వరసలో, నాలుక అంగిలికి ఆనించి, కళ్లు తెరిచే ఉంచాలని ఎంత వివరంగా చెప్పాడో. నేల మీద మఠం వేసుక్కూర్చోవడం మనకి అలవాటే కదా అనుకుంటాం గానీ, పాతిక నిమిషాలు కదలకుండా అంటే కాళ్లు మొద్దుబారిపోతాయి. కింద వేసుకునే దిండు ఎత్తు సరిపోవాలి. జాఫు, అంటే ధ్యానానికి వాడే గుండ్రటి దిండు, ఇక్కడ సులువుగా దొరకదని పరుపులు కుట్టేవాళ్ల దగ్గర బూరుగు దూది గట్టిగా కూరించి గుండ్రంగా కుట్టించుకున్నాను, జపాన్‌లోనూ ఎక్కువగా అందులో నింపేది ఆ దూదే. ఇప్పటికీ బాగుంది, ఏడాదికోసారి దూది ఏకించాలంతే. రోజూ కూర్చోవడం వల్ల నాలో కోపం తగ్గిందని చెప్పలేను, కాకపోతే ఎవరైనా మాట అన్నప్పుడు ఛాతీలో ఆ వేడి మొదలవుతున్నట్టు నోరు తెరవకముందే తెలుస్తోంది. గిన్నెలు తోమడంలో ఇది నాకు దొరకలేదు.

ఇక గురువు. గురువు లేని విద్య గుడ్డి విద్య అని మనవాళ్లు ఊరికే అనలేదు. సెషిన్‌లో, అంటే కొన్ని రోజులు మౌనంగా పొద్దున్నించి రాత్రిదాకా కూర్చునే శిబిరంలో, గురువుని ఒంటరిగా కలిసే దోకుసాన్ ఉంటుంది. గంట కొట్టి లోపలికెళ్లి, నమస్కరించి ఎదురుగా కూర్చుంటాం. మా గురువుగారు ఒకావిడ. ఆవిడ నా మొహం కాదు, చేతులు చూశారు. ఒళ్లో ఎడమ అరచెయ్యి కుడి అరచేతి మీద పెట్టి, బొటనవేళ్లు తగిలీతగలనట్టు ఉంచాలి, మగత వస్తే అవి కిందికి వాలిపోతాయి, టెన్షన్ పడితే ఒకదాన్నొకటి నొక్కుకుని పైకి లేస్తాయి. నావి నొక్కుకుని ఉన్నాయి. "మీరు ఊపిరి లెక్కపెట్టడం లేదండీ, ఊపిరిని తోలుతున్నారు" అన్నారు. ఒకటి నుంచి పది దాకా తప్పకుండా లెక్కపెడుతున్నాను కదా అని నేను ధీమాగా ఉన్న విషయమది. ధ్యానం నేర్పే ఏ యాప్ అయినా నా బొటనవేళ్లు చూస్తుందా?

కోఆన్లు, అంటే తర్కంతో తేలని ప్రశ్నలుగా గురువు శిష్యుడికిచ్చే చిన్న కథలు, వాటి దగ్గర మన తెలుగువాళ్లకి ఇంకో చిక్కుంది. 1228లో చైనా గురువు వూమెన్ కూర్చిన 48 కోఆన్లలో మొదటిది జావ్‌జౌ అనే గురువు చెప్పిన కుక్క మాట, కుక్కలో బుద్ధత్వం ఉందా అంటే లేదన్నాడాయన. చిన్నప్పటి నుంచి ప్రవచనాలు వింటూ పెరిగినవాళ్లం, అంతా బ్రహ్మమే, ఉన్నది లేనిది రెండూ మాయే అని జవాబు నాలుక చివరే ఉంటుంది, పైగా అది తప్పని తోచదు కూడా. దోకుసాన్‌లో ఆ జవాబు చెబితే గంట మోగుతుంది, ఇక వెళ్లమని. మళ్లీ కూర్చోవాలి. ఇంట్లో ఒంటరిగా చేసుకునేవాడికి ఆ గంట కొట్టేదెవరు?

గురువంటే గుడ్డిగా నమ్మమని కాదు. 1983లో శాన్ ఫ్రాన్సిస్కో జెన్ సెంటర్‌లో గురువు ప్రవర్తన మీద పెద్ద గొడవై చివరికి ఆయన తప్పుకోవాల్సి వచ్చింది, అంత పేరున్న చోటే. ఒకచోట నాకు సాధనలో ఒక్కో మెట్టుకి ఒక్కో రేటు చెప్పి డబ్బు కట్టమన్నారు, ఆ పూటే వచ్చేశాను. మీ ప్రశ్నకి చిరాకుపడేవాళ్ల దగ్గర, ఇంకెవరి దగ్గరికీ వెళ్లొద్దనేవాళ్ల దగ్గర ఉండకండి.

మన దగ్గర గురువులు ఎక్కడున్నారంటే, దక్షిణాదిన తమిళనాడులో కొడైకెనాల్ దగ్గర పెరుమాళ్‌మలైలో బోధి జెండో ఉంది, జెస్యూట్ అనే క్యాథలిక్ సంఘానికి చెందిన ఫాదర్ అమ సామి 1996లో పెట్టింది. రోజూ ఇంట్లో పాతిక నిమిషాలు, ఏడాదికోసారైనా సెషిన్, ఉద్యోగం సంసారం ఉన్నవాళ్లకి ఇది కుదురుతుంది. ఆన్‌లైన్ దోకుసాన్ ఏమీ లేనిదానికన్నా నయమే, కాకపోతే ముందొకసారి ఎదురుగా కూర్చుని వచ్చాక మొదలుపెట్టుకోండి. మోకాళ్ల నొప్పులుంటే సెషిన్‌కి ముందే చెప్పి కుర్చీ అడగండి, కుర్చీలో కూర్చుని చేసినా అది జాజెన్నే.