బెవరిడ్జా, బిస్మార్కా? యుద్ధం తర్వాత ఎవరి దారి మేలు?

గ్రూప్-1కి, సివిల్స్‌కి చదివేవాళ్ళు పదేపదే అడిగే ప్రశ్న ఇది. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత జనానికి వైద్యం, పెన్షన్, నిరుద్యోగ భృతి అందించడంలో బ్రిటన్ పట్టిన దారి (బెవరిడ్జ్ పేరుతో చెప్పేది) మేలా, పశ్చిమ జర్మనీ పట్టినదా (బిస్మార్క్ పేరుతో చెప్పేది)? ఒకటి పన్నుల డబ్బు, ఇంకొకటి జీతంలోంచి కోత అని టేబుల్ గీసి వదిలేస్తే మార్కులు రావచ్చు కానీ అసలు తేడా అందులో కనిపించదు. నన్నడిగితే చూడాల్సింది ఒక్కటే: సాయం కావాల్సినవాడు గుమ్మం దగ్గర ఏం నిరూపించుకోవాలి?

ఈ ప్రశ్న బ్రిటన్‌లో ఎందుకంత మండిందో తెలియాలంటే 1931కి వెళ్ళాలి. మాంద్యంలో ఉద్యోగం పోయి, బీమా గడువు కూడా దాటినవాళ్ళకి భృతి ఇచ్చే ముందు ఇంటిల్లిపాది ఆదాయం విచారించేవారు. కొడుకు నాలుగు డబ్బులు సంపాదిస్తుంటే తండ్రి భృతి తగ్గించేవారు. దాచుకున్న సొమ్మూ లెక్కలోకి వచ్చేది. గనుల ఊళ్ళలో, ఓడలు కట్టే ఊళ్ళలో ఆ విచారణ పేరెత్తితేనే జనం రగిలిపోయేవారు. 1942 డిసెంబరులో సాంఘిక బీమా మీద ఆర్థికవేత్త విలియం బెవరిడ్జ్ నివేదిక వచ్చినప్పుడు, యుద్ధం నడుస్తుండగానే, ఒక ప్రభుత్వ రిపోర్టు కోసం జనం క్యూ కట్టి లక్షల కాపీలు కొన్నారంటే కారణం ఇదే. బీమా చందా కట్టావు కాబట్టి నీ హక్కు నీది, ఇంట్లోకి ఎవరూ తొంగిచూడరు అన్నదే ఆయన చెప్పిన మాటలోని సారం.

అయితే బెవరిడ్జ్ పథకంలో బీమా భాగమే సరిగ్గా నడవలేదు. అందరికీ ఒకే చందా, అందరికీ ఒకే భృతి. పేదవాడు కట్టగలిగేంతే చందా పెట్టాలి కనుక భృతీ కిందే ఉండిపోయింది. 1946 చట్టం ప్రకారం ఒంటరి పెన్షనర్‌కి వారానికి 26 షిల్లింగులు. ఇంటద్దె ఊరికో రకంగా ఉండటంతో అది చాలక లక్షలాదిమంది ముసలివాళ్ళు మళ్ళీ ఆదాయ విచారణ చేసే నేషనల్ అసిస్టెన్స్ అనే ప్రభుత్వ సాయం దగ్గరికే వెళ్ళారు. పాత పద్ధతికంటే మెత్తబడినా విచారణ విచారణే.

మాట నిలబెట్టుకున్నది వైద్యం. అందరికీ వైద్యం ఉండాలని బెవరిడ్జ్ అన్నా, దాన్ని కట్టింది ప్రధాని అట్లీ ప్రభుత్వంలో ఆరోగ్య మంత్రి అన్యూరిన్ బెవన్. ఈ ఇద్దరి పేర్లూ కలిపేసుకునేవాళ్ళు చాలామంది! 1948 జులై 5న ఎన్‌హెచ్‌ఎస్ (నేషనల్ హెల్త్ సర్వీస్, అంటే జాతీయ వైద్య సేవ) మొదలైంది. ఆస్పత్రులు జాతీయమయ్యాయి. డాక్టర్ల సంఘం చివరిదాకా మొండికేసింది. స్పెషలిస్టులకు ప్రైవేటు ప్రాక్టీసు వదిలిపెట్టి బెవన్ దారికి తెచ్చుకున్నాడు. ఖర్చులో ఎక్కువ భాగం పన్నుల నుంచి. రోగిని ఉద్యోగం ఉందా, చందా కట్టావా, పేదవాడివేనా అని ఎవరూ అడగరు. కళ్ళజోళ్ళకి, కట్టుడుపళ్ళకి జనం ఎగబడి లెక్కలన్నీ తప్పాయి. 1951లో వాటికి ఫీజు పెడితే బెవన్ రాజీనామా చేశాడు. కళ్ళజోడు కోసం మంత్రి పదవి వదులుకున్నాడని కొందరు నవ్వుకుంటారు కానీ, గుమ్మం దగ్గర ఒక్క ప్రశ్న వేస్తే తర్వాత పది వేస్తారని ఆయన భయపడి ఉంటాడని నాకనిపిస్తుంది. మరుసటి ఏడాది మందుల చీటీకి కూడా ఒక షిల్లింగు ఫీజు వచ్చింది.

ఇక జర్మనీ. ఆరోగ్య బీమా 1883, ప్రమాద బీమా 1884, వృద్ధాప్య పెన్షన్ 1889: పునాది అప్పటి జర్మన్ ఛాన్సలర్ బిస్మార్క్‌దే. యుద్ధం తర్వాత అన్నిటినీ కలిపి ఒకే బీమా చేద్దామన్న ఆలోచన సాగలేదు. పశ్చిమ జర్మనీ పాత బీమా నిధుల్నే నిలబెట్టింది. కార్మికుడూ యజమానీ చెరికాస్త కడతారు, ఎక్కువ జీతం ఉన్నవాడు ఎక్కువ కడతాడు. ఇందులో నాకు నిజంగా నచ్చేది 1957 పెన్షన్ సంస్కరణ. ఛాన్సలర్ అడెనావర్ ప్రభుత్వం పెన్షన్‌ని జీతాల పెరుగుదలతో ముడిపెట్టింది. పెన్షన్లు ఒక్కసారిగా 60 శాతానికి పైగా పెరిగాయి, ఆ సెప్టెంబరు ఎన్నికల్లో ఆయన పార్టీల కూటమికి పూర్తి మెజారిటీ వచ్చింది. రిటైరైనవాడు బీదవాడిగా మిగలకూడదన్నది అక్కడ చేతల్లో కనిపించింది. బ్రిటన్ పెన్షన్ దాని ముందు వెలవెలబోతుంది.

కానీ జర్మనీ గుమ్మం దగ్గర అడిగేది ఉద్యోగం. భార్యకి రక్షణ చాలావరకు భర్త కార్డు మీదే వచ్చింది. సొంత పని చేసుకునేవాళ్ళు చాలామంది బయటే ఉన్నారు. ప్రతి ఒక్కరికీ ఆరోగ్య బీమా తప్పనిసరి అయ్యేసరికి 2009 వచ్చింది. అందుకే, పెన్షన్ ఒక్కటే అయితే జర్మనీ అంటాను, మొత్తమ్మీద ఏదంటే బ్రిటనే.

ఫ్రాన్స్‌ది మధ్యరకం. 1945లో అక్కడి సాంఘిక భద్రతను రూపొందించిన అధికారి లరోక్ అందరికీ ఒకే నిధి కావాలనుకున్నాడు, రైతులు, వ్యాపారులు ఒప్పుకోక విడిపోయారు. అమెరికాలో అధ్యక్షుడు ట్రూమన్ 1945లో జాతీయ ఆరోగ్య బీమా అడిగితే కాంగ్రెస్ ఇవ్వలేదు.

మన దగ్గర ఏం జరిగిందని కూడా అడుగుతున్నారు. కార్మికుల ఆరోగ్య బీమా మీద 1944లో బి.పి. అడార్కర్ ఇచ్చిన నివేదిక మీద, ఎన్‌హెచ్‌ఎస్ పుట్టిన 1948లోనే ఈఎస్‌ఐ (ఉద్యోగుల రాజ్య బీమా) చట్టం వచ్చింది. పద్ధతి మాత్రం జర్మనీ బాపతు: ఫ్యాక్టరీ, జీతం, చందా. కూలీలకి, కౌలు రైతులకి అందులో చోటు లేదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2007లో వచ్చిన ఆరోగ్యశ్రీ పన్నుల డబ్బుతోనే నడిచింది, కానీ ఆస్పత్రి కౌంటర్‌లో తెల్లకార్డు చూపించాల్సి వచ్చేది. పేదవాడినని రుజువు అడిగే ఆ పనినే బెవన్ తీసేశాడు.