గోడ బీరువాలో ఒక రాత్రి

మా అమ్మాయి వాళ్లు నెదర్లాండ్స్‌లోని ఆమ్‌స్టల్‌వేన్‌లో ఉంటారు. మొన్న మే నెలలో వెళ్లినప్పుడు ఆమ్‌స్టర్‌డామ్‌లో చిత్రకారుడు రెంబ్రాంట్ ఇల్లు చూశాం. 1639లో కొన్నాడు, అప్పులు తీర్చలేక 1658లో వదులుకున్నాడు. అప్పులవాళ్ల కోసం 1656లో రాసిన సామాన్ల జాబితాను బట్టే ఇప్పుడు గదులు సర్దారట. అందరూ బొమ్మల గది వైపు వెళ్తుంటే నేను వంటింట్లోనే ఉండిపోయాను. అక్కడ గోడలో పనిమనిషికి పడక ఉంది. మూసి ఉంటే బీరువానే, తలుపు తీస్తే పరుపు. దీన్ని బెడ్‌స్టే అంటారు.

అక్కడ జనం ఎక్కువ, నిలబడి చూడనివ్వరు. తీరిగ్గా చూడాలంటే రైల్లో గంట ప్రయాణం, ఎంక్‌హౌజెన్‌లోని జౌడర్‌జే మ్యూజియంకి వెళ్లండి. 1932లో సముద్రానికి అడ్డంగా కట్ట వేశాక చేపల వేట మీద బతికిన ఊళ్ల తీరే మారిపోయింది, ఆ ఊళ్ల ఇళ్లను తెచ్చి ఇక్కడ మళ్లీ నిలబెట్టారు. ఆరుబయట భాగం ఏప్రిల్ నుంచి అక్టోబరు దాకానే తెరుస్తారు. ఇలాంటి పడకల్లో కాళ్ల వైపు పసిబిడ్డకో చిన్న అర, కింద బంగాళాదుంపలు దాచుకునే చోటు కూడా ఉండేవట. పూర్తిగా వెల్లకిలా పడుకుంటే రక్తం తలకెక్కుతుందని భయపడి, దిండ్లకు ఆనుకుని సగం కూర్చునే నిద్రపోయేవారని చెబుతారు.

ఆ రాత్రి దగ్గర్లోని ఒక పాత రైతు ఇంట్లో బెడ్‌స్టే ఉన్న గది తీసుకున్నాం. ఫోటోలు బాగా పెట్టారు కానీ పరుపు పొడవు ఎక్కడా రాయలేదు. మావారు పొడగరి, కాళ్లు ముడుచుకుని అరగంట చూసి, చివరికి సోఫా మీదికి వెళ్లిపోయారు. పొడవు చెప్పకుండా డబ్బు తీసుకోవడం నాకు తప్పే అనిపించింది.

నాకు మాత్రం సరిపోయింది. పీట ఎక్కి, పైనుంచి వేలాడే తాడు పట్టుకుని లోపలికి జరిగాను. తలుపులు వేసుకున్న కాసేపటికే నా ఒంటి వేడితోనే లోపలంతా వెచ్చబడింది, హీటర్ లేని రోజుల్లో ఆ చలికి ఇదెంత పెద్ద ఆసరానో అప్పుడు అర్థమైంది. ఎండాకాలం వాకిట్లో నులకమంచం వేసుకుని గాలికి పడుకుని పెరిగినదాన్ని, ఊపిరాడనట్టై బెత్తెడు సందు తెరిచి ఉంచాను. పిల్లలతో వెళ్తే అస్సలు పూర్తిగా మూయకండి. బుక్ చేసేముందు పరుపు పొడవు సెంటీమీటర్లలో అడిగి, జవాబు రాతపూర్వకంగా తీసుకోండి.