మసాయి మారానా, క్రూగరా: తక్కువ ఖర్చులో సఫారీకి ఏది మేలు?

మే నెలాఖరులో పిల్లల్ని తీసుకుని దక్షిణాఫ్రికాలోని క్రూగర్ నేషనల్ పార్కుకి వెళ్ళొచ్చాం. అప్పటినుంచి చుట్టాలూ స్నేహితులూ అడిగేది ఒకటే: "అందరూ కెన్యా వెళ్తారు కదా, మీరు అటెందుకు వెళ్ళారు?" కొన్నేళ్ళ క్రితం స్నేహితులతో కెన్యాలోని మసాయి మారా అభయారణ్యం కూడా చూశాను కాబట్టి రెండింటి గురించీ చెప్పగలను.

ముందు డబ్బు సంగతి. మారాలో విదేశీయులకు గేటు ఫీజు జనవరి నుంచి జూన్ దాకా రోజుకు మనిషికి 100 డాలర్లు, జులై నుంచి డిసెంబర్ దాకా 200. లక్షల విల్డెబీస్టులు (ఆవులాంటి పెద్ద జింకలు) మారా నది దాటే దృశ్యం చూడాలంటే ఆ 200 డాలర్ల నెలల్లోనే వెళ్ళాలి. నలుగురు పెద్దవాళ్ళు మూడు రోజులుంటే గేటు దగ్గరే 2,400 డాలర్లు. వ్యాన్, బస, భోజనం వేరే. క్రూగర్‌లో పెద్దవాళ్ళకు రోజుకు 600 రాండ్ల ప్రాంతంలో ఉంటుంది, అంటే మన డబ్బుల్లో సుమారు మూడు వేలు. జొహన్నెస్‌బర్గ్‌లో చిన్న కారు అద్దెకు తీసుకుంటే చాలు. అక్కడా మనలాగే ఎడమవైపు డ్రైవింగ్, పార్కులో ముఖ్యమైన రోడ్లన్నీ తారు రోడ్లే. క్యాంపుల్లో చాలాచోట్ల వండుకునే వీలుంది. మేం రెండు పూటలా అన్నం, పప్పు వండుకున్నాం.

అయితే నన్ను క్రూగర్ వైపు తిప్పింది డబ్బు ఒక్కటే కాదు. అక్కడ కారు ఎక్కడ ఆపాలో, ఎంతసేపు ఆపాలో మనిష్టం. మారాలో మేం ఆరుగురం కలిసి వ్యాన్ మాట్లాడుకున్నాం. చెదపుట్ట మీద చీతా కూర్చుందని రేడియోలో కబురు రాగానే మా డ్రైవర్ పరుగు తీయించాడు. వెళ్ళేసరికి దాని చుట్టూ పదిహేను బళ్ళు. ఐదు నిమిషాలు ఫొటోలు తీసుకోగానే "ఇక పోదాం" అన్నారు. చీతా అప్పుడే లేచి ఒళ్ళు విరుచుకుంటోంది! ఆ తర్వాత అది ఎటు వెళ్ళిందో ఇప్పటికీ నాకు తెలియదు.

క్రూగర్‌లో లోయర్ సాబీ క్యాంపు పక్కనే సన్‌సెట్ డ్యామ్ అనే చెరువుంది. పొద్దున్నే గేటు తీయగానే వెళ్ళి ఇంజిన్ ఆపేసి కూర్చున్నాం. నీళ్ళలో బండరాయి అనుకున్నది కదిలింది. నీటిగుర్రం. దాని వీపు మీద ఆరు తాబేళ్ళు వరసగా ఎండ కాగుతున్నాయి. అది మునిగినప్పుడల్లా జారిపోయి, తేలగానే మళ్ళీ ఎక్కుతున్నాయి. మా చిన్నది ముప్పావు గంట కిటికీ వదల్లేదు, పోదామని తొందరపెట్టేవాళ్ళూ లేరు. పిల్లలున్న ఇంటికి ఇంతకన్నా ఏం కావాలి?

మారాకే ఉన్న గొప్పలు కూడా చెప్పాలి. కనుచూపు మేర గడ్డి మైదానం, పైకప్పు ఎత్తే వ్యాన్, జంతువుల జాడ పట్టే డ్రైవర్ కళ్ళు. క్రూగర్‌లో పొదలెక్కువ, కారు ఎత్తు తక్కువ, మన కళ్ళే మనకు దిక్కు. రెండో రోజు ఒక్క సింహం కూడా కనిపించలేదు. ఒక్కరో ఇద్దరో వెళ్తుంటే కారు అద్దె పంచుకునేవాళ్ళు ఉండరు కాబట్టి, నైరోబీ నుంచి గ్రూపు వ్యాన్‌లో ఒక సీటు తీసుకుని ఫిబ్రవరిలో మారాకి వెళ్ళడమే మేలు. టాంజానియాలోని సెరెంగెటి అద్భుతమే గానీ, మనం అనుకునే తక్కువ బడ్జెట్‌లో కష్టం.

మన వేసవి సెలవులకు కుదిరేది క్రూగరే. మేలో అక్కడ వానలు ఆగి గడ్డి ఎండుతుంది, జంతువులు నీళ్ళకోసం బయటికొస్తాయి. వీసాకి మాత్రం రెండు మూడు నెలల ముందే అప్లై చేయండి. క్యాంపు గదులు 11 నెలల ముందు నుంచే బుక్ చేసుకోవచ్చు, నది ఒడ్డున ఉన్నవి త్వరగా అయిపోతాయి. మలేరియా మాత్రల గురించి డాక్టర్‌ని అడగండి. కెన్యాకైతే ఎల్లో ఫీవర్ టీకా తప్పనిసరి, కనీసం పది రోజుల ముందే వేయించుకోవాలి. హైదరాబాద్ వాళ్ళకి నారాయణగూడ ఐపీఎం (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్)లో వేస్తారు.